మహారాజశ్రీ టూస్ట్రోక్ ఇంజిన్ గారికి

కాలిఫోర్నియా బే ఏరియా నుంచి ఒక ఫోర్‌స్ట్రోక్ బండి ఓనరు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం, మా ట్యాపెట్లు (వాల్వుల్ని నొక్కే ముక్కలు) కూడా క్షేమం, మీకు ట్యాపెట్లే లేవు కాబట్టి ఆ యోగక్షేమాలు అడగట్లేదు.

విషయం ఏంటంటే సార్, మా తెలుగోళ్ళకి మీరు చేస్తున్నది చాలా అన్యాయం. ఇక్కడి హాలిస్టర్ హిల్స్ పార్కులో వీకెండ్ ట్రైల్ రైడింగ్ మొదలెడదామని మావాడొకడు డర్ట్ బైక్ (మట్టి దారుల్లో తోలే బండి) కొనడానికి బయల్దేరతాడు, వీడియోలన్నీ చూస్తాడు, ఎక్సెల్ షీట్ చేస్తాడు, బరువు, సీటు ఎత్తు, మెయింటెనెన్స్ ఖర్చు అన్నిటికీ కాలమ్స్ పెట్టి లెక్కేస్తే హోండా సీఆర్‌ఎఫ్ 250ఎఫ్ లాంటి మామూలు ఎయిర్ కూల్డ్ ఫోర్‌స్ట్రోక్ చాలనే తేలుతుంది. తీరా బండి చూడ్డానికి వెళ్తే పక్కన మీరుంటారు. అమ్మేవాడు ఊరికే ఒక కిక్ కొడతాడు, ఆ నీలం పొగ వాసన తగిలిందో లేదో మావాడు హోమ్ లోను, ఇద్దరు పిల్లలు, నడుం నొప్పి అన్నీ మర్చిపోయి బాపట్లలో కాలేజీ గేటు దగ్గర ఆర్‌ఎక్స్ 100 మీద కూర్చునుంటాడు. అది కూడా వాడిది కాదు, సీనియర్‌ది. ఎక్సెల్ షీట్ అక్కడితో క్లోజ్.

ఆ ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985లో వచ్చి 1996లో ఆగిపోయింది, 98 సీసీ, 11 హార్స్‌పవర్. ఇప్పుడు వీడు కొనే మీ 300 సీసీ బండి కూడా తూకానికి దాదాపు అంతే, వంద కేజీల చుట్టుపక్కల, కాకపోతే అందులో గుర్రాలు యాభై. ఈ చిన్న తేడా మీరు ముందే చెప్పొచ్చుగా? చెప్పరు. క్లచ్ వదిలాక చెప్తారు.

మీ గొప్పతనం నాకు తెలీక కాదు. క్రాంక్ ఒక్క చుట్టు తిరిగితే మీకు లోపల పెట్రోల్ మండి ఒక దెబ్బ పడుతుంది, మాకు రెండు చుట్లు తిరగాలి. వాల్వులు తెరిచే క్యామ్ లేదు, దాని చైన్ లేదు, పిస్టన్ రింగులు అరిగితే ఇంట్లోనే ఒక సాయంత్రం కూర్చుని మార్చుకోవచ్చు, అదే రేసు టైపు ఫోర్‌స్ట్రోక్ 450లో వాల్వులు పోతే బిల్లు చూసి బండి అమ్మేయాలనిపిస్తుంది. 1997లో లాస్ వేగస్ సూపర్‌క్రాస్ రేసుని డగ్ హెన్రీ యమహా ఫోర్‌స్ట్రోక్ ప్రోటోటైప్ మీద గెలిచి, 1998లో అదే బండి వైజెడ్ 400ఎఫ్ పేరుతో షోరూముల్లోకొచ్చి, 2007 మోడల్ తర్వాత హోండా తన సీఆర్ టూస్ట్రోకులన్నీ ఆపేసినప్పుడు అందరూ మీ పని అయిపోయిందనే అనుకున్నారు, మీరేమో రాళ్ళూ వేర్లూ ఉన్న అడవిలోకి దూరి బతికిపోయారు. ఆస్ట్రియాలో ఎర్జ్‌బర్గ్ ఇనుప గని కొండ మీద జరిగే రేసులో 2022, 2023, 2024 వరసగా మానుయెల్ లెటెన్‌బిక్లర్ గెలిచింది మీ మీదే, కాదనను. మా గ్రూపులో అందరికీ ఈ సంగతి నోటికొచ్చు. పార్కింగ్ పక్కన చిన్న దిబ్బ ఎక్కలేక సగంలో పడ్డవాడు కూడా లేస్తూ లేస్తూ ఇదే చెప్తాడు.

ఇక పొద్దున పూట ఆయిల్ కలిపే వైభోగం చూడాలి. మా ఊళ్ళో బంకు కుర్రాడు లూనాకీ చేతక్‌కీ టూటీ ఆయిల్ కళ్ళు మూసుకుని కొట్టేవాడు. ఇక్కడ ట్రక్ వెనక డోర్ దించి దాని మీద కొలగ్లాసు పెట్టి నలుగురు సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టులు వంగి చూస్తుంటారు, నలభై పాళ్ళ పెట్రోల్‌కి ఒక పాలు ఆయిల్, అంటే 40:1 అయితే గ్యాలన్‌కి 95 మిల్లీలీటర్లు, 60:1 అయితే 63, ఒకడు కారుతున్న బొట్టు కూడా లెక్కలోకి వస్తుందా అంటాడు, ఇంకొకడు వాళ్ళ మేనమామ పాతిక ఏళ్ళు రాజ్‌దూత్ తోలాడు ఆయనకి ఈ లెక్కలేం తెలీవు అంటాడు, ఈలోగా నేను స్విచ్ నొక్కి ఒక రౌండ్ కొట్టొస్తాను.

దిగుడులో ఇంకో బాగోతం. ఫోర్‌స్ట్రోక్‌లో థ్రాటిల్ వదిలితే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. మీరు మాత్రం కట్టు తెంచుకున్న దూడలా పరిగెడతారు, భారమంతా బ్రేకుల మీదే. పైగా మీకు ఆయిల్ పెట్రోల్‌తోనే వస్తుంది కాబట్టి పొడుగాటి దిగుడులో థ్రాటిల్ మూసేసి కూర్చుంటే లోపల పిస్టన్‌కి తడి అందక సీజ్ అయ్యే (బిగుసుకుపోయే) ప్రమాదం, అందుకని మధ్యమధ్యలో క్లచ్ పట్టి రైజ్ చేస్తూ దిగాలి. కొత్తగా నేర్చుకునేవాడికి భయంతో వేళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి, ఆ టైములో ఈ సంగీతం కూడా వాయించమంటారా?

కాలిఫోర్నియా వాళ్ళకీ మీ పొగంటే పడదు. 2022 మోడల్ నుంచి పొగ పరీక్ష పాసవ్వని డర్ట్ బైకులకి ట్రైల్స్‌లో తిరగనిచ్చే స్టిక్కరే ఇవ్వట్లేదు, రేసు ట్రాకులకే పరిమితం. (ఫోర్‌స్ట్రోక్ రేసు బళ్ళకీ అదే శాస్తి, నిజం చెప్పాలిగా.) దాంతో మావాళ్ళంతా అంతకు ముందు మోడళ్ళ వెంటపడి, గీతలు పడ్డ పాత బండికి కొత్త బండి రేటు పోసి మరీ తెచ్చుకుంటున్నారు.

నా బండి దేవతని చెప్పను. సీఆర్‌ఎఫ్ 120 కేజీలు, బురదలో పడుకుంటే లేపేటప్పుడు నాక్కూడా మీరే గుర్తొస్తారు, రాళ్ళ మధ్య నెమ్మదిగా పోతుంటే చెప్పాపెట్టకుండా ఆగిపోయిన రోజులూ ఉన్నాయి. ఇరుకు రాళ్ళల్లో తిరిగేవాడికి, అదీ పడీ లేచీ చేయి తిరిగినవాడికి మీరే కరెక్టు, నేనే చెప్తాను కొనుక్కోమని. నా గొడవల్లా మొదటి బండి కొనేవాడి గురించి. వాణ్ణి ఒక్క రెండేళ్ళు మాకు వదిలేయండి, కాస్త ఎక్కడం దిగడం వచ్చాక మేమే తీసుకొచ్చి మీకు అప్పజెప్తాం, అప్పటిదాకా వాడు ఏ గరాజ్‌కి వచ్చినా మీరు దయచేసి స్టార్ట్ అవ్వకండి. అది మీకు పెద్ద కష్టం కూడా కాదు, చల్లటి పొద్దున్నే ప్లగ్ తడుపుకుని కూర్చోవడం మీకు అలవాటేగా.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి

తా.క.: మొన్న బండరాయి తగిలి మీ సైలెన్సర్ పైపు పొట్టకి పడ్డ సొట్ట సంగతి వదినకి ఇంకా తెలీదు. అడిగితే టార్క్ కోసం కంపెనీవాళ్ళే అలా నొక్కిస్తారని మీ ఓనరు అన్న చెప్పాడట, మీరు నోరు జారకండి.