ట్రాక్ సూటు మీద ఓణీ

మొన్న డిసెంబరులో, నల్లగొండలో అమెరికాలోని మన సంఘం జరిపిన సేవా దినాల చివరి సాయంత్రం. పద్నాలుగేళ్ల లోపు ఆడపిల్లల చదరంగం పోటీలో మొదటి స్థానం తెచ్చుకున్న అమ్మాయి వేదిక మెట్ల దగ్గర నిలబడి ఉంది. దేవరకొండ అవతల తండా పిల్ల, గురుకులంలో చదువుతోంది. బడి వాళ్లిచ్చిన నీలం ట్రాక్ సూటులో వచ్చింది. ఆరు రౌండ్లలో ఒక్కటీ ఓడలేదు.

"ఇట్లనే ఫొటోల నిలవడ్తే ఎట్ల? ఎవరన్న జర ఓణీ ఇయ్యుండ్రి" అన్నారు మనవాళ్లలో ఒకరు.

నా భుజం మీద పుట్టపాక చున్నీ ఉంది. దాన్ని తీసి ఆ పిల్లకు పైటలాగా వేసి, భుజం దగ్గర ఒకటి, నడుము దగ్గర ఒకటి పిన్నులు పెట్టింది నేనే. "చెయ్యి లేపు బిడ్డా" అంటే లేపింది. నా ముఖం మాత్రం చూడలేదు. కప్పు అందుకునేటప్పుడు పైట కొస కప్పు చెవికి చిక్కుకుంది. విడదీసి, సర్ది, మళ్లీ నిలబెట్టి ఫొటో తీసేసరికి బాగా పొద్దుపోయింది. ఆమె వెంట వచ్చిన పీఈటీ మేడం నిమిషానికోసారి గడియారం చూసుకుంటోంది, దేవరకొండ బస్సు పోతదని.

ఆ ఫొటో మన వాట్సాప్ గ్రూపులన్నింట్లో తిరిగింది. కింద దండాల బొమ్మలు, "మన సంస్కృతి" అన్న మాటలు. నాకు ఆ పిల్ల లేపిన చెయ్యే కనబడుతోంది.

తప్పు ఆ సాయంత్రం మొదలు కాలేదు. మనం పంపిన సర్క్యులర్లోనే ఉంది. "బాలికలు సంప్రదాయ దుస్తులలో హాజరు కావలెను" అని రాశాం. ఎవరి మనసులోనూ చెడు లేదు, ఆ సంగతి నాకు తెలుసు. చేనేతకు ఆదరణ దొరుకుతుందని, ఫొటోలు నిండుగా వస్తాయని అనుకున్నారు. కానీ అబ్బాయిల కాగితంలో దుస్తుల మాటే లేదు. అదే హాల్లో, అవే బల్లల మీద, వాళ్లు నిక్కర్లలో, క్రికెట్ టీషర్టుల్లో కూర్చుని ఆడారు.

మూడో రౌండులో నేను చూసింది చెప్తాను. ఒక చిన్నమ్మాయి అవతలి వైపున్న ఏనుగు కోసం వంగింది. ఓణీ కొంగు జారి బోర్డు మీద పడింది. ఒంటె, రెండు బంట్లు దొర్లిపోయాయి. ఎదురుగా ఉన్న పిల్ల వెంటనే "ఒంటెను తాకింది, ఒంటెనే ఆడాలె" అని చెయ్యెత్తింది. చదరంగంలో తాకిన పావును ఆడాల్సిందే. అనుకోకుండా తగిలితే మాత్రం లెక్కలోకి రాదు. ఆట తీర్పరి, ఆర్బిటర్ సారు వచ్చి, గడియారం ఆపి, పావులు సర్ది, అదే మాట చెప్పి వెళ్లారు. కానీ ఆ చిన్నమ్మాయి అప్పటి నుంచి ఎడమ చేత్తో కొంగు పట్టుకుని, కుడి చేత్తో ఆడింది. ఆలోచనలో సగం కొంగు మీదికే పోయింది. ఆ ఆట ఓడిపోయింది.

నాకు ఓణీ మీద కోపం లేదు. మా పెద్దదానికి రెండేళ్ల కింద న్యూజెర్సీ ఎడిసన్‌లో ఓణీల ఫంక్షన్ చేసినప్పుడు మీలో చాలామంది వచ్చి అక్షింతలు వేశారు. మా అమ్మ పెట్టెలోంచి తీసి పంపిన పోచంపల్లి పట్టు కట్టుకుని అది మురిసిన మురిపెం నేను మరిచిపోను. బతుకమ్మ నాడు లంగా ఓణీలో పిల్లలు చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే ఇప్పటికీ నా కళ్లు చెమ్మగిల్లుతాయి. అయితే ఇంకో ఓణీ కూడా నాకు గుర్తుంది.

మా నాయిన బడిపంతులు. నాకు ఏడేళ్లప్పుడు గ్రంథాలయానికి తీసుకుపోయి చదరంగం నేర్పాడు. ఊళ్లో గుడి అరుగు మీద మగవాళ్లు పులి-మేక ఆడేవాళ్లు. ఇంట్లో నాయినమ్మ చింతగింజలతో అష్టా చెమ్మా ఆడేది. నేను మాత్రం గ్రంథాలయం బల్ల దగ్గర పెద్ద పెద్ద సార్లతో మంత్రిని కదిపేదాన్ని. తొమ్మిదో తరగతిలో పెద్దమనిషినయ్యాను. పదకొండో నాడు ఓణీ వేశారు, చుట్టాలందరూ బట్టలు పెట్టారు. ఆ మరుసటి ఆదివారం చెప్పులేసుకుని గడప దాటబోతే నాయినమ్మ, "ఓణీ ఏసినంక గా మొగోళ్ల నడుమ గూసుంటవా బిడ్డా?" అంది. నాయిన ఏమీ అనలేదు. బోర్డు అటక మీదికి ఎక్కింది. నాయినమ్మ నన్ను ప్రాణంగా పెంచింది, ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కానీ నా ఆట ఆ వాకిట్లోనే ఆగిపోయింది. ఆడదాని బట్ట గురించి ఎవరు నియమం పెట్టినా నాకు ఆ గడపే గుర్తొస్తుంది.

ప్రపంచ చదరంగంలో ఈ గొడవ ఎంత దూరం పోయిందో మీకు తెలియనిది కాదు. 2017లో మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్ ఇరాన్ రాజధాని టెహ్రాన్‌లో పెట్టారు. ఆడేవాళ్లందరూ తల మీద బట్ట కప్పుకోవాల్సిందే. అమెరికా చాంపియన్ నాజీ పైకిడ్జే పోనంది. మన గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక పోయింది, తల కప్పుకునే ఆడి కాంస్యం తెచ్చింది. 2018లో ఇరాన్‌లోనే హమదాన్‌లో ఆసియా టీమ్ పోటీలకు పుణె అమ్మాయి సౌమ్యా స్వామినాథన్ అదే నియమం నచ్చక రానని చెప్పేసింది. పోయినవాళ్లు పిరికివాళ్లూ కాదు, మానుకున్నవాళ్లు గర్విష్ఠులూ కాదు. ఇరవయ్యేళ్లు కష్టపడి సంపాదించుకున్న ఆటను ఒక బట్టముక్క కోసం వదులుకోవాలా అన్నది చిన్న ప్రశ్న కాదు. 2017 చివర్లో సౌదీ రాజధాని రియాద్‌లో ప్రపంచ ర్యాపిడ్, బ్లిట్జ్ పోటీలు, అంటే తక్కువ సమయంలో చకచకా ఆడేవి, పెడితే, అక్కడ ఆడవాళ్ల మీదున్న కట్టుబాట్లకు తలవంచనని ఉక్రెయిన్ అమ్మాయి అన్నా ముజిచుక్ పోలేదు. రెండింట్లోనూ అప్పటి చాంపియన్ ఆమే. రెండు కిరీటాలూ పోయాయి.

ఇందులో నన్ను బాగా కదిలించింది ఇరాన్ అమ్మాయి మిత్రా హెజాజీపూర్. టెహ్రాన్ పోటీని బహిష్కరిస్తామని బయటివాళ్లు అన్నప్పుడు, వద్దు, మా దేశపు ఆడవాళ్ల ఆటకే దెబ్బ అని ఆమె అడ్డుపడింది. తన ఇంటి సంగతి తనకు తెలుసు. అదే మిత్ర మూడేళ్ల తర్వాత, 2019 డిసెంబరులో, మాస్కో బ్లిట్జ్ పోటీలో తనంతట తాను ఆ బట్ట తీసేసి ఆడింది. జట్టులోంచి తీసేశారు. ఇప్పుడు ఫ్రాన్స్ తరఫున ఆడుతోంది. ఇరాన్‌కే చెందిన సారా ఖాదెం 2022లో కజకిస్తాన్‌లోని అల్మాటీలో తల కప్పుకోకుండా ఆడి, స్పెయిన్‌లో తలదాచుకుంది. ఇరాన్ ఆర్బిటర్ షొహ్రే బయాత్ 2020లో తల కప్పుకోనట్టు కనబడిన ఒక్క ఫొటో పుణ్యాన సొంత దేశానికి తిరిగి పోలేకపోయింది.

ఇక మగవాళ్ల సంగతి. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ ర్యాపిడ్, బ్లిట్జ్ పోటీలకు నార్వే మేటి ఆటగాడు కార్ల్‌సన్ జీన్స్ వేసుకొచ్చాడు. 200 డాలర్ల జరిమానా వేశారు, మార్చుకోనని ర్యాపిడ్ పోటీలోంచే వెళ్లిపోయాడు. రెండు రోజులు తిరక్కుండానే నియమం సడలింది, బ్లిట్జ్‌కు జీన్స్‌తోనే వచ్చాడు. అదే ర్యాపిడ్ పోటీల్లో, ఒక బిడ్డకు తల్లయిన మన కోనేరు హంపి రెండోసారి మహిళల ప్రపంచ చాంపియన్ అయింది. మన న్యూజెర్సీ గ్రూపులు తీసి చూసుకోండి. ఆ రోజు జీన్స్ ముచ్చట ఎంత, హంపి ముచ్చట ఎంత? అదే ఏడాది మొదట్లో పద్దెనిమిదేళ్ల దివ్యా దేశ్‌ముఖ్ నెదర్లాండ్స్‌లో ఆడి వచ్చి, చూసేవాళ్లు నా ఆట వదిలేసి బట్టలు, జుట్టు, యాస గురించి మాట్లాడుతున్నారని బాధపడింది. 2025లో మహిళల ప్రపంచ కప్ ఫైనల్లో ఆ దివ్యే హంపి మీద గెలిచింది.

"టెహ్రాన్‌కూ మన ఓణీకీ పోలికేంటి, అక్కడ ప్రభుత్వం, ఇక్కడ ప్రేమ" అని మన సంఘం బోర్డులో ఒక అన్నయ్య నాతో అన్నారు. నిజమే. మన మాట వినకపోతే ఎవరూ జైల్లో పెట్టరు. కానీ ఆ తండా పిల్లకు "నేను కట్టుకోను" అనే దారి మనం ఇచ్చామా? కప్పు మన చేతిలో ఉంది, చప్పట్లు మన చేతిలో ఉన్నాయి. ఆ వయసు పిల్లకు అంతకంటే పెద్ద ప్రభుత్వం ఏముంటుంది?

ఇంకో మాట చెప్పకపోతే నా కడుపు మండుతుంది. మూడో బహుమతి వచ్చిన అమ్మాయి తల చుట్టూ స్కార్ఫ్ కట్టుకుని వచ్చింది. తనకు తానుగా, రోజూ కట్టుకునేదే. పేరు పిలిచినా పైకి రాలేదు. వాళ్లమ్మ వెనక వరుసలోంచి నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది: "స్కార్ఫ్‌తోని ఫొటో దిగొచ్చా మేడం? కాగితంల సంప్రదాయం అని రాసిన్రు గద." ఇది ఆమె పుట్టిన ఊరు, ఆమె బిడ్డ గెలిచిన బహుమతి. విమానం దిగి వచ్చిన నన్ను ఆమె అనుమతి అడగాల్సి వచ్చింది. టెహ్రాన్‌లో కప్పుకోమన్నారు, ఇక్కడ కప్పుకుంటే ఊరుకుంటారో లేదోనని ఆ తల్లి భయపడింది.

వచ్చే సేవా దినాల సర్క్యులర్ జూన్ బోర్డు మీటింగులో ఖాయం చేస్తారని విన్నాను. పెద్దలందరికీ దండం పెట్టి అడుగుతున్నాను, ఆ ఒక్క వాక్యం తీసేయండి. బతుకమ్మకు ఓణీ పెడదాం, నేనే ముందుండి నేయిస్తాను. పుట్టపాక నేతన్నకు పని ఇవ్వాలంటే బల్లల మీద పరిచే గుడ్డలు వాళ్ల దగ్గరే కొందాం. పిల్లలు మాత్రం కూర్చోవడానికి, వంగడానికి, ఆలోచించడానికి ఏది సుఖమైతే అది వేసుకుని రానీయండి. వాక్యం తీసేసిన జాగాలో ఏ రౌండు ఎన్ని గంటలకో, బహుమతులు ఎప్పుడు ఇస్తారో రాయండి, దేవరకొండ దిక్కు పిల్లలకు చివరి బస్సు అందేట్టు.