దేవుడి సామాను తోమినట్టు నా నాణెం తోమేశారు

కోపం చల్లారకముందే రాస్తున్నాను. చల్లారాక రాస్తే "పోనీలే" అని నాకే అనిపిస్తుంది. ఆ మాట ఈరోజు ఇప్పటికే మూడుసార్లు విన్నాను.

పొద్దున ఏడున్నరకి వంటగదిలోకి వెళ్ళాను. సింకు పక్కన టిష్యూ మీద నా నాణెం ఉంది. నిన్న రాత్రి భోజనాలయ్యాక ముదురాకుపచ్చ రంగులో అందరికీ చూపించిన నాణెం, ఇప్పుడు కొత్త రాగి తీగలా మెరుస్తోంది. పక్కనే గిన్నెలో నానబెట్టిన చింతపండు, ఉప్పు డబ్బా, గిన్నెలు తోమే పీచు. మా ఆడపడుచు భర్త, హైదరాబాద్ నుంచి రెండు వారాలు ఉండటానికి వచ్చిన అన్నయ్య, ఎంతో సంతోషంగా "చూడు చెల్లెమ్మా, చిలుమంతా వదలగొట్టాను, తళతళలాడుతోంది" అన్నారు.

చిలుము కాదు అన్నయ్యా అది! చిలుము అనేది రాగి చెంబుకి పట్టేది. ఆ పచ్చటి పొర ఏర్పడటానికి పదహారు వందల ఏళ్ళు పట్టింది. ఆ మట్టి, ఆ తేమ, ఆ లోహం కలిసి చేసిన పొర అది. నాణేలవాళ్ళం పాటినా అంటాం. పాత రోమన్ కంచు నాణేల్లో చాలాసార్లు బొమ్మ తాలూకు సన్నటి గీతలు కింద లోహంలో మిగలవు, ఆ పొరలోనే ఉంటాయి. పొర పోతే గీతలూ పోతాయి. పోయాయి కూడా. నిన్నటి దాకా నాణెం మీది తోడేలు ఒంటి మీద బొచ్చు కనిపించేది. ఇప్పుడు కుక్కో తోడేలో తెలియని ఒక ఆకారం ఉంది.

ఆ నాణెం గురించి చెప్పాలి. రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ 330లో కాన్‌స్టంటినోపుల్‌ని కొత్త రాజధానిగా ప్రారంభించినప్పుడు, పాత రాజధాని రోమ్‌నీ మర్చిపోలేదని చెప్పడానికి వేయించిన రకం. ఒకవైపు శిరస్త్రాణం పెట్టుకున్న రోమా దేవత, చుట్టూ ఊర్బ్స్ రోమా, అంటే రోమ్ నగరం, అన్న అక్షరాలు. రెండోవైపు రోమ్ పుట్టుక కథలోని కవలలు రోములస్, రీమస్‌లకు పాలిస్తున్న ఆడ తోడేలు, పైన రెండు నక్షత్రాలు. అడుగున టంకసాల గుర్తు. నా దాని మీద ట్రియర్ టంకసాల గుర్తు ఉంది, అంటే ఇప్పటి జర్మనీలో కొట్టింది. మన రూపాయి బిళ్ళ కంటే చిన్నది. అక్కడ కొట్టిన నాణెం సముద్రం దాటి బ్రిటన్ వచ్చి, ఎవరి చేతిలోంచో జారి, నేను ఉంటున్న రెడింగ్‌కి దగ్గర్లోనే సిల్చెస్టర్ పక్కన పొలంలో పడింది. సిల్చెస్టర్ అంటే రోమన్ల కాలంలో కల్లేవా అనే పట్టణం. ఇప్పుడు దాని చుట్టూ గోడలు మాత్రం నిలబడి ఉన్నాయి, లోపల ఆవులు మేస్తుంటాయి.

సిల్చెస్టర్ దగ్గర దొరికిందని నాకెలా తెలుసు? నాణెంతో పాటు ఒక చిన్న గుండ్రటి కాగితం చీటీ ఉండేది. పాత యజమాని ఇంకుతో రాసుకున్న చీటీ. ఏ పొలం, ఏ సంవత్సరం, అన్నీ ఉన్నాయి. "ఆ చీటీ ఏది అన్నయ్యా?" అని అడిగాను.

"మురికిగా ఉంటే పారేశానమ్మా."

చింతపండుకి కూడా నేను ఇంత ఏడవలేదు.

మా ఆయన "పోనీలే, పద్దెనిమిది పౌండ్లేగా" అన్నాడు. అవును, పద్దెనిమిది పౌండ్లే. ఈ కాలపు కంచు నాణేలు లక్షల్లో ముద్రించారు, ఇంకా తక్కువకీ దొరుకుతాయి. ఇలాంటి నాణేలు కావాలంటే వంద కొనుక్కోగలను. ఫలానా పొలంలో, ఫలానా ఏడాది దొరికిందని తెలిసిన నాణెం అదొక్కటే ఉంది నా దగ్గర. ధర అడిగేవాళ్ళందరికీ ఇది ఎప్పుడు అర్థమవుతుంది? నాణేలు సేకరిస్తానని చెప్పగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "అమ్మితే ఎంత వస్తుంది?" రెండోది "మన నాణేలుండగా ఎవరో రోమన్ల నాణేలెందుకు?"

రెండోదానికి ముందు జవాబు చెప్తాను. నాది నల్గొండ జిల్లా. మా జిల్లాలోని అక్కెనపల్లిలో పదిహేను వందలకు పైగా రోమన్ వెండి నాణేలు ఒకేచోట దొరికాయి. అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల దీనారాలు. వినుకొండలో బంగారు నాణేలు దొరికాయి. పెద్దబంకూరు తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ నాణేలూ బయటపడ్డాయి. కొండాపూర్‌లో మట్టితో రోమన్ నాణెంలా బిళ్ళలు చేసి మెడలో వేసుకున్నారు మనవాళ్ళు. మన సరుకుల కోసం రోమ్ డబ్బు ఏటేటా భారతదేశానికి పోతోందని ప్లినీ అనే రోమన్ రచయిత అప్పుడే రాసి పెట్టాడు. దీనారం అన్న మాటే రోమన్ల డినారియస్ నుంచి వచ్చింది. ఎవరో రోమన్లు కాదు, మన ఊళ్ళోకి వచ్చి వెళ్ళిన డబ్బు అది.

ఇక ఆ మొదటి ప్రశ్న. అదే నా అసలు మంట. ఈరోజుది కాదు, చిన్నప్పటిది.

మా అమ్మమ్మ ఊళ్ళో, నేను పుట్టకముందు, బావి తవ్వుతుంటే ఒక ముంత దొరికిందట. నిండా వెండి బిళ్ళలు. "మనిషి తలకాయ బొమ్మలుండేవే, ఏదో లిపి, మనది కాదు" అనేది అమ్మమ్మ. ఏం చేశారమ్మమ్మా అంటే, "కంసాలికిచ్చి పట్టీలు చేయించుకున్నారు, నలుగురు పంచుకున్నారు." అంతే. అవి టైబీరియస్ దీనారాలా, ఇంకేమైనానా? ఇప్పుడు ఎవరు చెప్పగలరు? పట్టీలు కూడా తర్వాత కరిగించి ఇంకేదో చేయించుకున్నారు. ఆ ముంతలో మా ఊరి చరిత్ర ఉంది. తూకం వేసి చూసి, ఎంత వస్తుందో లెక్కకట్టి కరిగించేశారు. 1878 నాటి చట్టం ఒకటుంది, పది రూపాయలకు మించిన విలువున్నది భూమిలో దొరికితే కలెక్టరుకి చెప్పాలని. చెబితే పోలీసులు వచ్చి ఇల్లంతా తవ్వుతారని ఊళ్ళో భయం. ఆ భయాన్ని పోగొట్టడానికి ఎవరైనా ఎప్పుడైనా ఊళ్ళోకి వచ్చి మంచిగా మాట్లాడారా? అమ్మమ్మకి తెలిసినంతలో ఎవరూ రాలేదు. నాకు ఆ అధికారుల మీదా కోపమే, ముంతని పంచుకున్న ఆ నలుగురి మీదా కోపమే.

ఇక్కడ ఇంగ్లండ్‌లో 2010లో ఫ్రోమ్ దగ్గర డేవ్ క్రిస్ప్ అనే ఆయనకి మెటల్ డిటెక్టర్‌తో పొలంలో ఒక కుండ తగిలింది. ఆయన నాణేలు కనిపించగానే తవ్వడం ఆపేశాడు. ఆపేశాడు, వింటున్నారా? పురావస్తు శాఖవాళ్ళని పిలిచాడు. వాళ్ళు కుండని పొరలు పొరలుగా ఖాళీ చేశారు. 52,503 నాణేలు. అలా తీశారు కాబట్టే ఒక సంగతి తెలిసింది. అన్నిటికంటే తర్వాతివైన, బ్రిటన్‌ని ఏలిన కరౌసియస్ అనే రోమన్ పాలకుడి నాణేల్లో ఎక్కువ భాగం కుండ అడుగు సగంలో ఉన్నాయి. ఏటేటా దాచుకుంటూ పోయిన డబ్బయితే అవి పైన ఉండాలి కదా. అంటే ఒకేసారి పోసి పాతిపెట్టారన్నమాట. గబగబా బస్తాలోకి దోసి ఇంటికి తీసుకెళ్ళి ఉంటే ఇది ఎప్పటికీ తెలిసేది కాదు. నాణేలు అవే, బరువు అదే, ధర అదే. కానీ ఆ సంగతి మాత్రం గాలిలో కలిసిపోయేది.

నా చీటీ అలాగే పోయింది. అన్నయ్యని అనడానికి నోరు రాలేదు. ఇంట్లో రాగి చెంబులు, దీపపు కుందులు చింతపండుతో తోమి పండక్కి సిద్ధం చేసే మనిషి, ప్రేమగానే చేశారు. అది నాకు తెలుసు. తెలిసినా ఒళ్ళు మండుతోంది.

పోనీ ఇంతటితో అయిపోయిందా? లేదు. ఆ ఉప్పు ఉందే, అదే పెద్ద టెన్షన్. ఉప్పులోని క్లోరైడ్ కంచులోకి దిగితే లేత పచ్చ పొడి లేస్తుంది, లోహాన్ని లోపల్నుంచి తినేస్తుంది. పెట్టెలో మిగతా నాణేల దగ్గర దాన్ని పెట్టే ధైర్యం లేదు. ప్రస్తుతం గాజు గిన్నెలో డిస్టిల్డ్ వాటర్‌లో వేసి అల్మరా పై అరలో పెట్టాను. కొన్ని వారాలు నీళ్ళు మారుస్తూ ఉండాలి. వీడియోల్లో నిమ్మకాయతో, వెనిగర్‌తో, కరెంటుతో నాణేలు మెరిపించి లైకులు తెచ్చుకునేవాళ్ళు ఈ వారాల సంగతి చెప్పరు. తోమక ముందు, తోమిన తర్వాత అని రెండు ఫొటోలు పెడతారు. ఆ తర్వాత ఫొటో చూస్తేనే నాకు కడుపులో తిప్పుతుంది.

చెత్త బండి ఏడింటికే వచ్చి వెళ్ళిపోయింది. బయట డబ్బా తలకిందులు చేసి చూశాను, అడుగున ఒక ఉల్లిపొట్టు తప్ప ఏమీ లేదు.

ఇందాక కూర్చుని కొత్త చీటీ రాశాను. "ఊర్బ్స్ రోమా, ట్రియర్, సిల్చెస్టర్ దగ్గర, 1961." సంవత్సరం గుర్తుంది. పొలం పేరు గుర్తు రావడం లేదు. పొద్దుట్నుంచి ఆలోచిస్తున్నాను. మూడు అక్షరాల పేరు, చివర ఫీల్డ్ అని ఉండేది.