టోపీల నెల

నెల ఒకటో తారీఖున మొదలవుతుందని చిన్నప్పుడు మనకి తప్పు చెప్పారు. అమెరికాలో ఒక నెల పదిహేనున మొదలై మళ్లీ పదిహేనుకే అయిపోతుంది. సెప్టెంబరు 15 నుంచి అక్టోబరు 15 దాకా నడిచే దాని పేరు హిస్పానిక్ హెరిటేజ్ మంత్, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్ల వారసత్వ నెల. 1968లో లిండన్ జాన్సన్ దీన్ని ఒక వారంగా పెట్టాడు, 1988లో రీగన్ నెల చేశాడు. వారం నెల కావడానికి ఇరవయ్యేళ్లు పట్టింది కాబట్టి, నెల ఏడాది అవడం చూసే యోగం మన మనవళ్లకి ఉండొచ్చు. పదిహేనో తారీఖే ఎందుకంటే గ్వాటెమాలా, హోండురాస్, ఎల్ సాల్వడార్, నికరాగ్వా, కోస్టారికా స్వాతంత్ర్య దినం అది. మర్నాడు మెక్సికోది, 18న చిలీది. ఇవేవీ మా ఆఫీసు మెయిల్లో లేవు. అందులో ఉన్నది, కూర పెట్టి మడిచిన మెక్సికో రొట్టెల గురించి ఒక్కటే వాక్యం: "మధ్యాహ్నం పన్నెండున్నరకి టాకోలు, టోపీ తప్పనిసరి."

షికాగోలోని మా కంపెనీలో వైవిధ్య కమిటీ అని ఒకటుంది. ఏడుగురు సభ్యులు. ఐరిష్ మూలాల వాళ్లు ముగ్గురు, పోలిష్ మూలాల వాళ్లు ఇద్దరు, ఒక గుజరాతీ ఆయన, ఒక తెలుగువాడు. ఆ తెలుగువాడు నేనే. మీటింగుకి పీజా పెడతారని చేరాను, దాచడం ఎందుకు. 2024 సెప్టెంబరులో ఈ కమిటీ మూడుసార్లు కూర్చుంది. లాటిన్ అమెరికా కళలనీ సంస్కృతినీ ఎలా గౌరవించాలా అని తల బద్దలు కొట్టుకుంది. ఆ తలల కోసమే కాబోలు, చివరికి నలభై సోంబ్రెరోలు కొనాలని తీర్మానించింది.

సోంబ్రా అంటే స్పానిష్‌లో నీడ. నీడనిచ్చేది సోంబ్రెరో. నడినెత్తిన ఎండ మాడ్చేస్తుంటే పొలంలో వంగి పనిచేసేవాడి అవసరంలోంచి పుట్టిన టోపీ అది. మా భోజనాల గది పదకొండో అంతస్తులో ఉంది, కిటికీలకి తెరలున్నాయి, ఏసీ కింద ఆడవాళ్లు శాలువాలు కప్పుకుని కూర్చుంటారు. అయినా ఆ రోజు అందరికీ సమానంగా నీడ దొరికింది. టోపీ అంచులు ఒకదానికొకటి తగిలి ఎవరూ ఎవరి పక్కనా నిలబడలేకపోయారు. ఐకమత్యం కోసం పెట్టిన పార్టీలో మనిషికీ మనిషికీ మూడడుగుల దూరం వచ్చింది.

మా కంపెనీలో లాటిన్ అమెరికా మనుషులు ఇద్దరే ఇద్దరు. అకౌంట్స్‌లో ఒకాయనది కొలంబియా. డేటాబేసులు చూసే ఒకావిడది పోర్టో రికో. సంబరం వాళ్ల పేరు మీద కాబట్టి వాళ్లని ఎవరూ ఏమీ అడగలేదు. గుమ్మంలో కమిటీ అధ్యక్షురాలు టోపీ అందించగానే కొలంబియా ఆయన మర్యాదగా, "ఇది మెక్సికో టోపీ అండీ. మాది వేరే, నలుపూ తెలుపూ చారల అల్లిక" అన్నాడు. ఆవిడ కాసేపు ఆలోచించింది. వైవిధ్య కమిటీ అధ్యక్షురాలు గదా, ఆలోచించాలి. "ఇదీ టోపీయే కదా" అని తల మీద పెట్టేసింది. శ్రీకాకుళం మనిషికి రాజస్థానీ తలపాగా చుట్టి, ఏదీ భాంగ్రా చెయ్యి చూద్దాం అంటే ఆ మనిషి మొహం ఎలా ఉంటుందో ఆయన మొహం అలా ఉంది.

పోర్టో రికో ఆవిడకి జరిగిన మర్యాద మాత్రం మనవాళ్ల చేతుల మీదుగానే జరిగింది. మా టీములో తెలుగు తమ్ముడొకడు టాకో నములుతూ చాలా ఆప్యాయంగా, "మీది ఏ వీసా? గ్రీన్ కార్డు ఫైల్ చేశారా?" అని అడిగాడు. పోర్టో రికో అమెరికా ఏలుబడిలో ఉన్న దీవి, అక్కడివాళ్లు 1917 నుంచి అమెరికా పౌరులు. మా ముత్తాత పాస్‌పోర్టు అనే మాట చెవిన పడకుండానే పోయాడు, అప్పటికే వాళ్లు ఇక్కడి పౌరులు. ఆవిడ నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు మా వాడికి అర్థం కాక, "టెన్షన్ పడకండి, మంచి లాయరున్నాడు" అని నంబరు కూడా ఇచ్చాడు.

ఇక పాటలు. మూడో పాట ఇటాలియన్‌ది అని కొలంబియా ఆయన గమనించి చెప్పాడు. బీటు బాగుందని ఎవరూ ఆపలేదు. తర్వాత పిన్యాటా. అంటే రంగు కాగితాలు అంటించిన గాడిద బొమ్మ, కడుపులో చాక్లెట్లుంటాయి, కళ్లకి గంతలు కట్టుకుని కర్రతో కొట్టాలి. మనకి కృష్ణాష్టమి ఉట్టి లాంటిది. గాడిదని ప్రొజెక్టరు కొక్కేనికి వేలాడదీశారు. వైస్ ప్రెసిడెంటు గారు టై విప్పి, గంతలు కట్టుకుని, టోపీ మాత్రం తియ్యకుండా రంగంలోకి దిగారు. టోపీ అంచు కర్రకి అడ్డం పడుతోంది. మొదటి దెబ్బ గాలికి తగిలింది. రెండోది సాల్సా పచ్చడి గిన్నెకి తగిలింది. మూడోదానికి ప్రొజెక్టరు పగిలింది. గాడిద మాత్రం చెక్కుచెదరలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎందుకంటే కొట్టినాయన వైస్ ప్రెసిడెంటు. నేనూ కొట్టాను.

చివర్లో ఫొటో. కంపెనీ వెబ్‌సైటుకి ఒక మొహం కావాలి. కొలంబియా ఆయన తెల్లగా, పచ్చ కళ్లతో ఉంటాడు. ఫొటోకి చాలినంత లాటినోగా లేడని తేలింది. పోర్టో రికో ఆవిడ పనుందని వెళ్లిపోయింది. అందరి చూపులూ గదంతా తిరిగి నా ఒంగోలు మీసం దగ్గర ఆగాయి. అన్నిట్లోకీ పెద్ద టోపీ తెచ్చి నా నెత్తిన పెట్టారు. ఫొటో వెబ్‌సైటులో వచ్చింది. ఎవరు పంపారో గానీ వాట్సాప్‌లో ఊరికీ చేరింది. రాత్రి అమ్మ ఫోను చేసింది. "ఏరా నాన్నా, ఎవర్రా నీకు టోపీ పెట్టిందీ?"

ఆ ప్రశ్న మా అమ్మ మామూలుగానే అడిగింది. నాకే నిద్ర పట్టలేదు.

మర్నాడు పోర్టో రికో ఆవిడకి సారీ చెబితే, "డివిజన్ స్ట్రీటుకి వెళ్లి జెండాలు చూసి రా" అంది. వెళ్లాను. రోడ్డుకి అడ్డంగా, ఇటొకటి అటొకటి, రెండు ఉక్కు పోర్టో రికో జెండాలు. ఒక్కోటి 59 అడుగుల ఎత్తు, గాలికి రెపరెపలాడుతున్నట్టు ఉక్కుని వంచారు. 1995లో పెట్టారు. జెండాకి ఉక్కెందుకా అనుకున్నాను. 1948 నుంచి 1957 దాకా పోర్టో రికోలో తమ జెండా ఇంట్లో ఉంచుకున్నా నేరమే, జైలే. గుడ్డ జెండాని పోలీసు మడిచి జేబులో పెట్టుకుపోగలడు. దీన్ని మడవమనండి చూద్దాం.

మా కమిటీకి ఇది ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఉక్కు జెండా నెత్తిన పట్టదు.

షికాగోలో మెక్సికన్ల పేట పిల్సెన్‌కి కూడా వెళ్లాను. పింక్ లైను రైలు దిగితే పద్దెనిమిదో వీధి స్టేషన్లో మెట్ల పొడవునా గోడల మీద బొమ్మలు. కాస్త నడిస్తే నేషనల్ మ్యూజియం ఆఫ్ మెక్సికన్ ఆర్ట్. కార్లోస్ టొర్టొలేరో అనే స్కూలు టీచరు తోటి టీచర్లతో కలిసి 1982లో దానికి పునాది వేశాడు. చేతిలో ఉన్న సొమ్ము 900 డాలర్లు. మా టోపీలు, గాడిద, ప్రొజెక్టరు రిపేరు కలిపితే అంతకంటే ఎక్కువే తేలింది. 1987లో తలుపులు తెరిచారు. నేటికీ టిక్కెట్టు లేదు, ఎవరైనా లోపలికి వెళ్లొచ్చు. టోపీ అక్కర్లేదు.

అక్కడ ఏటా చనిపోయినవాళ్ల పండక్కి ప్రదర్శన పెడతారు. పండగ నవంబరు 1, 2 తారీఖుల్లో. పోయినవాళ్ల ఫొటో, వాళ్లకిష్టమైన తిండి, నీళ్ల గ్లాసు, దీపం, అలవాటున్నవాడికి సిగరెట్టు. నేను మా నాన్న తద్దినంలో పకోడీ పెట్టిస్తుంటే పంతులుగారు ఏటా విసుక్కుంటారు. ఆయన్ని ఒకసారి పిల్సెన్‌కి తీసుకురావాలి. చుట్టూ పోసినవి బంతిపూలు. మన బంతిపూలే అనబోయి ఆగాను, బంతిపూవు పుట్టిల్లు మెక్సికో. బతుకమ్మలో పేర్చేది, దసరాకి గుమ్మానికి కట్టేది అక్కడినుంచి వచ్చిందే. ఆవకాయలో కారం అక్కడిది. టమాటా, మొక్కజొన్న అక్కడివి. సపోటా అన్న మాట కూడా అక్కడి నహువా భాషదే. ఎర్రగా ఏదో షర్బత్ ఇస్తే తాగి, ఇదేం పువ్వండీ అంటే, తీరా అది మన ఎర్ర గోంగూర కాయ! అలా చూస్తే ఒక్క టోపీ తప్ప అన్నీ మనమూ వాళ్లూ కలిసి వాడుకుంటున్నవే.

పిల్సెన్ అన్న పేరు చెక్ వాళ్లది. మెక్సికన్లు అక్కడికి పెద్ద ఎత్తున వచ్చింది 1960ల్లో. ఎందుకొచ్చారంటే, అంతకుముందు ఉన్న పేటలో యూనివర్సిటీ క్యాంపస్ కడతామని లేపేశారు. వచ్చి, పాతబడ్డ ఇళ్లని బాగుచేసుకుని, గోడలకి రంగులేసి, బ్రెడ్డు కొట్లు పెట్టుకుని పేటని నిలబెట్టారు. నిలబడ్డాక అది అందరికీ నచ్చింది. నచ్చితే ఏమవుతుందో హైదరాబాదులో ఒక్క మెట్రో స్టేషను పడ్డ గల్లీలో అద్దెకున్నవాళ్లని అడగండి. 2000 తర్వాత పదిహేనేళ్లు తిరక్కుండానే పది వేల మందికి పైగా లాటినోలు పిల్సెన్ వదిలి వెళ్లిపోయారు. గోడ మీద బొమ్మ చూసి ఫ్లాటు కొనడానికి వచ్చినవాడికి, ఆ బొమ్మ గీసినవాడి అద్దె ఎంత పెరిగిందో ఎవరు చెబుతారు?

కాసా ఆస్త్లాన్ సంగతి వినండి. దశాబ్దాల పాటు ఆ పేటకి దిక్కుగా ఉన్న కేంద్రం అది. పిల్లలకి చదువు, పెద్దలకి ఇంగ్లీషు, కాగితాల సాయం. గోడ మీద రే పట్లాన్ 1970ల్లో మొదలుపెట్టిన పెద్ద కుడ్యచిత్రం. అప్పుల్లో పడి 2013లో కేంద్రం మూతపడింది. భవనం చేతులు మారి ఫ్లాట్లయింది. 2017 జూన్‌లో ఒకరోజు చూస్తే బొమ్మలు లేవు. నాయకులూ పనివాళ్లూ పిల్లలూ, గోడ మీదున్న మొహాలన్నిటినీ రంగు పూసి మింగేశారు. పేటంతా రోడ్డెక్కి అరిచింది. అప్పుడు అదే రే పట్లాన్‌ని పిలిపించి, అదే గోడ మీద మళ్లీ బొమ్మ వేయించారు. ఆయన వేశాడు. పెద్ద మనసు. బొమ్మ మళ్లీ వచ్చింది, బడి రాలేదు. లోపల అద్దె ఫ్లాట్లు, బయట విప్లవం. టోపీ ఎలా పెట్టాలో మా కమిటీ ఆ గోడ దగ్గర నేర్చుకోవాలి.

ఇప్పటిదాకా నవ్వుతూనే రాశాను. 2025 గురించి నవ్వుతూ రాయడం నాకు చేతకాదు.

ఆ ఏడాది మేలో షికాగోలో సింకో దె మాయో ఊరేగింపు రద్దయింది. 1862 మే 5న పుయెబ్లా దగ్గర మెక్సికో సైన్యం ఫ్రెంచి సైన్యాన్ని ఓడించిన రోజు అది, మెక్సికో స్వాతంత్ర్య దినం కాదు. ఏటా ఆ రోజు బీరు కంపెనీలు ఊరంతా తోరణాలు కడతాయి, కాబట్టి బార్లలో మాత్రం టోపీలకి లోటు రాలేదు. సెప్టెంబరులో గ్రాంట్ పార్కులో జరగాల్సిన మెక్సికో స్వాతంత్ర్య దిన ఉత్సవం, ఎల్ గ్రితో షికాగో, వాయిదా పడింది. వానొచ్చి కాదు, డబ్బుల్లేక కాదు. పాట వినడానికి వచ్చినవాళ్లని ఇమిగ్రేషన్ ఏజెంట్లు ముసుగులేసుకుని వచ్చి పట్టుకుపోతారేమోనని. పది మందిలో ముగ్గురు లాటినోలున్న ఊళ్లో, తమ పండగ చేసుకుంటే ఇంటికి తిరిగొస్తామో లేదోనన్న భయం. మెక్సికన్ల ఇంకో పేట లిటిల్ విలేజ్‌లో, ఇరవయ్యారో వీధిలో స్వాతంత్ర్య దిన ఊరేగింపు మాత్రం ఆపలేదు, వాళ్లకి దండం పెట్టాలి. ఆ శీతాకాలానికి ముందు ఆ వీధుల్లో జనం మెళ్లో ఈలలు వేసుకు తిరిగారు. ఈల అంటే మనకి సినిమా హాల్లో హీరో ఎంట్రీ. అక్కడ ఈల అంటే, ఏజెంట్లొచ్చారు, పక్కింటివాణ్ని జాగ్రత్తగా చూసుకోండి అని.

మంగళవారమైతే టాకోలు తినాల్సిందేనని, టాకో మంగళవారం టాకో మంగళవారం అని ప్రాణాలు తోడేసిన వాళ్లు ఒక్కరంటే ఒక్కరు నోరు విప్పారా? మా కమిటీ నుంచి ఆ సెప్టెంబరులో మెయిలే లేదు. అడిగితే "ఈసారి బడ్జెట్ సర్దుబాటు" అన్నారు. సిగ్గుండాలి. మనుషులకి బలముందనుకున్నప్పుడు వాళ్ల టోపీ పెట్టుకుని గెంతారు. మనుషులు ఆపదలో ఉంటే టోపీ తీసేసి, ఎవరో తెలియనట్టు కూర్చున్నారు.

మనవాళ్లు తక్కువ తిన్నారా? వాట్సాప్ గ్రూపులో నేనొక ముక్క రాస్తే, "మనకి పేపర్లున్నాయి కదా అన్నా, మనకెందుకు?" అని జవాబు. లాటినోల కొట్టులోనే కొత్తిమీర చవక, బెంగుళూరు వంకాయ చవక, ఆదివారం పొద్దున్నే సంచులు నింపుకొస్తాం. కౌంటర్లో అమ్మాయి మనల్ని చూసి స్పానిష్‌లో మాట్లాడితే ముసిముసిగా నవ్వుకుంటాం. అదే సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఏం చేసిందో చదివారా? కేవలం రంగు, భాష, పనిచేసే చోటు చూసి ఇమిగ్రేషన్ ఏజెంట్లు మనుషుల్ని ఆపొద్దని లాస్ ఏంజెలెస్ కేసులో కింది కోర్టు ఇచ్చిన ఆదేశాన్ని తాత్కాలికంగా నిలిపేసింది. వెబ్‌సైటు మీద మెక్సికన్‌గా పనికొచ్చిన నా మొహం రోడ్డు మీద మాత్రం పనికిరాకుండా పోతుందా? "మనకెందుకు" అన్న తమ్ముడే వారం తిరక్కుండా గ్రీన్ కార్డు కాపీలు మూడు తీయించి కారులో ఒకటి, పర్సులో ఒకటి, వాళ్లావిడ బ్యాగులో ఒకటి పెట్టాడు. లాయరు నంబరు అప్పటికే వాడి దగ్గరుంది.

అక్టోబరులో ప్రొజెక్టరు కేబులు కోసం స్టోర్ రూముకి వెళ్లాను. పై అరలో పెద్ద అట్టపెట్టె, టేపు వేసి ఉంది. మీద మార్కరుతో రాశారు: "హిస్పానిక్, 39." నలభయ్యోది మా ఇంట్లో ఉంది, మా బుడ్డోడు అందులో బొమ్మ కార్లు దాచుకుంటాడు. ఆ అట్టపెట్టె పక్కన ఇంకో పెట్టె. దాని మీద "దీపావళి" అనుంది. తెరిచి చూశాను. ఆరు రాజస్థానీ తలపాగాలు, ఒక ప్లాస్టిక్ ఏనుగు.

వెనకనించి అధ్యక్షురాలు వచ్చింది. "మంచి టైముకి కనిపించావు. ఈసారి మీ పండగ చేద్దామా వద్దా, పరిస్థితి చూసి చెప్పు" అంది.