ఆమె ఊడ్చిన పార్కులోకి ఆమెకే టికెట్టా?

పొద్దున ఆరున్నరకు జరిగింది. రాత్రి తొమ్మిదయినా నా ఒళ్లు మంట చల్లారలేదు. రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

మా ఇంటికి దగ్గర్లో ఒక పార్కు ఉంది. పేరు అనవసరం, తిరుపతిలో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. రోజూ అక్కడే నడుస్తాను. ఈ రోజు గేటు దగ్గర కొత్త కుర్రాడు టికెట్ల పుస్తకం పెట్టుకుని కూర్చున్నాడు. అతని ముందు మా అక్క నిలబడి ఉంది. మా అక్క అంటే తోడబుట్టినది కాదు. నాలుగు వేసవులుగా ఆ పార్కు ఊడ్చి, మొక్కలకు నీళ్లు పట్టి, మరుగుదొడ్లు కడిగి, ఉయ్యాల మీది నుంచి పడిన పిల్లల మోకాళ్లకు పసుపు అద్దిన మనిషి. బడులు తెరిచారు, సీజను అయిపోయిందని నిన్న సాయంత్రం ఆమెను పంపించేశారు. టిఫిన్ క్యారియరు లోపల మోటారు గదిలో ఉండిపోయింది. తెచ్చుకుంటానంటే ఆ కుర్రాడు, "టికెట్టు ఇరవై రూపాయలు పెద్దమ్మా, కెమెరా ఉంది, నన్ను ఏం చేయమంటావు?" అంటున్నాడు.

ఆమె వాదించలేదు. కొంగు ముడి విప్పి చిల్లర లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. పనిలో చేరి రెండు రోజులయిందట. అతనికీ ఎవరో గుత్తేదారు, అతని చేతిలోనూ ఏ కాగితమూ లేదు. నా కోపమంతా "సీజను" అనే మాట మీద.

తిరుపతికి సీజను కానిది ఎప్పుడు? వేసవి సెలవుల్లో జనం. తరువాత బ్రహ్మోత్సవాలు. ఆ వెనకే వైకుంఠ ఏకాదశి. కొండ దిగి రాత్రి రైలు కోసం ఎదురుచూసే కుటుంబాలు ఆ చెట్ల కిందే దుప్పట్లు పరుచుకుంటాయి. తమిళంలో అడిగితే తమిళంలో, కన్నడంలో అడిగితే వచ్చీరాని కన్నడంలో వాళ్లకు దారి చెప్పేది ఈ అక్కే. తలకోన చూడండి, 270 అడుగుల జలపాతం, నాలుగు వానలు పడితే చాలు, దారంతా వాహనాలే. ఉబ్బలమడుగు, కైలాసనాథకోన, పలమనేరు నుంచి కుప్పం వెళ్లే దారిలోని కైగల్ జలపాతం, ఎక్కడికి వెళ్లినా ఏటేటా అదే నెలల్లో అదే జనం, అదే చెత్త, అదే ఊడ్పు. ఏటా తప్పకుండా వచ్చే పనిని తాత్కాలికం అని ఎలా అంటారు? ఉగాది ఏడాదికి ఒక్కసారే వస్తుంది. దాన్ని తాత్కాలికం అంటామా?

ఈ టెండర్లు ఎలా నడుస్తాయో మా బంధువు ఒకాయన చెప్పాడు. కొన్నాళ్లు ఆ పనే చేసి, మనసు ఒప్పక వదిలేసిన మనిషి. మనుషులను సరఫరా చేసే టెండరులో కూలి, పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) ముందే లెక్క కట్టి ఉంటాయి. వాటిని తగ్గించి టెండరు వేయడానికి వీల్లేదు. ఇక పోటీ దేని మీద? గుత్తేదారు తన కోసం తీసుకునే సర్వీసు చార్జి మీద. ఒకడు రెండు శాతం వేస్తే ఇంకొకడు ఒక శాతం వేస్తాడు, మూడోవాడు పైసల్లోకి దిగుతాడు. తక్కువ వేసినవాడికే పని. ధరావతు కట్టి, బిల్లు వచ్చేదాకా నెలల తరబడి చేతి డబ్బుతో కూలి ఇచ్చి, ఆ పైసల కోసం ఎవడైనా వ్యాపారం చేస్తాడా? మిగులు ఎక్కడో ఒకచోట నుంచి రావాలి. అది అక్క కూలిలోంచి వచ్చింది. 68 రోజులు పని చేయించుకుని 41 రోజులకు డబ్బు చేతిలో పెట్టారు. యూనిఫారం చీర అని 600 కోశారు. చీపుళ్లు ఆమే కొనుక్కుంది. ఆ టెండరు తెరిచి సంతకం చేసిన అధికారికి ఈ లెక్క కుదరదని తెలియదా? రెండో తరగతి పిల్లవాడికి పలక ఇచ్చి చేయమన్నా తెలిసిపోతుంది.

చట్టం లేదా అంటే ఉంది. గుత్తేదారు కూలి ఎగ్గొడితే పని చేయించుకున్న యజమానే ఇవ్వాలని, తరువాత గుత్తేదారు నుంచి రాబట్టుకోవాలని 1970లోనే చట్టం చేశారు. కూలి పంచేటప్పుడు యజమాని తరఫు మనిషి ఎదురుగా ఉండాలని కూడా అందులో రాశారు. పాత కార్మిక చట్టాల స్థానంలో 2025 నవంబరు 21 నుంచి లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చినా ఆ బాధ్యత పోలేదు. పైగా ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలన్నారు. అక్కకు వచ్చిన నియామక పత్రం ఏమిటో తెలుసా? "రేపటి నుంచి రమ్మను" అని మేస్త్రీ ఆమె కొడుకు ఫోనుకు పంపిన ఒక్క ముక్క.

ఇది కూడా చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడి చేసి ఆరేళ్ల పాప ప్రాణం తీసింది. ఊరంతా వణికిపోయాం. తరువాత నడిచి వెళ్లే భక్తుల చేతికి కర్రలు ఇచ్చారు, మంచి పని. కానీ ఆ కొండ పాదంలోనే, చీకటి విడకముందే, ఒంటరిగా గేటు తాళం తీసి ఊడ్చే ఆడమనిషి గురించి ఎవరూ ఆలోచించలేదు. పొదల్లో పాము కరిస్తే ఈఎస్ఐ ఆసుపత్రికి వెళ్లడానికి ఆమెకు కార్డు లేదు. ఈఎస్ఐ పేరు చెప్పి కోత మాత్రం కోశారు. ఆ డబ్బు ఎవరి ఖాతాకు పోయిందని అడిగితే "ఆన్‌లైన్‌లో చూసుకో" అన్నారట. సంతకం కూడా రాని మనిషితో!

నాకు ఇంత మంట ఎందుకో నాకు తెలుసు. ఇది ఈ రోజు పుట్టిన కోపం కాదు.

మా నాన్న చిత్తూరులో ఒక సర్కారు తోటలో రోజుకూలీ మాలి. 1986లో చేరాడు. ప్రతి 89 రోజులకు ఒకసారి "బ్రేకు" అని ఆయనను ఇంటికి పంపేవారు. ఒక రోజు, మహా అయితే రెండు రోజులు. మళ్లీ పిలిచేవారు. గులాబీలకు ఆ రోజు నీళ్లు మానితే ఎండిపోతాయి కదా, అందుకని నాన్న ఆ రోజు కూడా వెళ్లి నీళ్లు పట్టి, మస్టరులో, అంటే హాజరు పుస్తకంలో, వేలిముద్ర లేకుండా మధ్యాహ్నానికి తిరిగి వచ్చేవాడు. చిన్నదాన్ని, నాన్న తొందరగా ఇంటికి వచ్చే రోజు కాబట్టి నాకు అది పండగ. అమ్మ ఎందుకు మాట్లాడకుండా కూర్చునేదో చాలా ఏళ్లకు గాని అర్థం కాలేదు.

1994 ఏప్రిల్ 22న 212 నంబరు జీవో వచ్చింది. 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్లు ఎడతెగకుండా పనిచేస్తున్న రోజుకూలీలను పర్మినెంటు చేస్తామన్నారు. నాన్నకు అప్పటికి ఏడేళ్లు నిండాయి. అమ్మ పాయసం వండింది. నాన్న ఉతికిన చొక్కా వేసుకుని కార్యాలయానికి వెళ్లాడు. వాళ్లు మస్టరు తెరిచి, "నీ సర్వీసు ఎడతెగనిది కాదయ్యా, ఇదిగో ఇక్కడ తెగింది, ఇక్కడ తెగింది" అని ఒక్కొక్క చోటా వేలు పెట్టి చూపించారట. తెంచింది ఎవరు? తెంచిన చేతులే ఆ తెగిన చోట్లు చూపించాయి! నాన్న పోయే ముందు కూడా ఆ మస్టరులోని ఎర్ర సిరా గీతల గురించే మాట్లాడాడు. ఆయన నాటిన వేపచెట్టు ఇంకా ఉంది. చిత్తూరు వెళ్లినప్పుడల్లా ఆ గోడ పక్కన కాసేపు ఆగుతాను. లోపలికి మాత్రం వెళ్లను.

2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు జగ్గో కేసులో తీర్పు చెప్పింది. కేంద్ర జలసంఘం కార్యాలయంలో ఏళ్ల తరబడి ఊడ్చినవారిని, తోటపని చేసినవారిని తీసేస్తే, అది కుదరదు, వెనక్కి తీసుకుని క్రమబద్ధీకరించండి అని ఆదేశించింది. ఆ వార్త చదివి నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను. మా నాన్నకు ముప్పై ఏళ్లు ఆలస్యంగా వచ్చింది ఆ మాట.

ఎడతెగకుండా పనిచేస్తే కార్మికుడికి కొన్ని హక్కులు వస్తాయి, కాబట్టి మధ్యలో తెంచుతారు. అప్పుడు దానికి "బ్రేకు" అని పేరు పెట్టారు. ఇప్పుడు "సీజను" అంటున్నారు.

పొద్దున నేను ఆ ఇరవై రూపాయలు ఇవ్వలేదు, అక్కనూ ఇవ్వనివ్వలేదు. కుర్రాడి చేత మేస్త్రీకి ఫోను చేయించి నేనే మాట్లాడాను. మిగిలిన 27 రోజుల కూలి సంగతి అడిగాను. అతను ఏమన్నాడో తెలుసా? "ఆ పేరుతో మా మస్టరులో ఎవరూ లేరమ్మా." అక్క పక్కనే ఉంది. ఫోనులోంచి వినబడింది. నాలుగు వేసవులు పనిచేసిన మనిషి ముఖం నేలకేసి పెట్టుకుని, "పోనీలేమ్మా, క్యారియరు ఇప్పించు చాలు" అంది.

క్యారియరు ఇప్పించాను. పోనివ్వడం నా వల్ల కాదు.

సోమవారం ఆమెను తీసుకుని కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్తున్నాను. ఆమె దగ్గర ఉన్న ఆధారం ఇంట్లో గోడకు వేలాడే కాలెండరు. పనికి వెళ్లిన ప్రతి రోజుకూ పెన్సిలుతో ఒక చుక్క పెట్టుకుంది, 68 చుక్కలు. అది ఒక్కటే చూపిస్తే వాళ్లు నమ్మరు, నాకు తెలుసు.

అందుకే అడుగుతున్నాను. మా వీధిలో, చుట్టుపక్కల ఉన్నవారందరికీ నేను నడిచే పార్కు ఏదో తెలుసు. ఏప్రిల్ నుంచి నిన్నటి దాకా అక్కడ పిల్లలకు ఫోటోలు తీసినవారు, పుట్టినరోజు వీడియోలు తీసినవారు ఒక్కసారి మీ ఫోనుల్లో వెదకండి. జారుడుబల్ల వెనుక, కొలను గట్టు మీద, నీలం యూనిఫారం చీరలో నీళ్ల గొట్టమో చీపురో పట్టుకుని ఒక సన్నటి మనిషి కనబడుతుంది. ఆ ఫోటో, తీసిన తేదీతో సహా, ఆదివారం రాత్రిలోగా నాకు పంపండి. మీ పిల్లల ముఖాలు కనబడకుండా చేసి పంపినా చాలు.