ఏవియేషన్ వర్క్‌షాప్ గారికి ఒక పేరెంట్ రాయునది

గౌరవనీయులైన ఏవియేషన్ వర్క్‌షాప్ గారికి,

మొన్న ఆదివారం తమరు మా పాలమూరుకు వేంచేసినందుకు ముందుగా నమస్కారాలు. మెట్టుగడ్డ దగ్గర ఫ్లెక్సీ మీద "మీ పిల్లలే విమానం తయారుచేసి ఎగరేస్తారు" అని చదివి, ఎనిమిది వందలు ఫోన్‌పే కొట్టిన అమాయకుల్లో నేనూ ఒకణ్ణి. పదింటికి రమ్మన్నారు, వచ్చాం. ముఖ్య అతిథి గారు పన్నెండు దాటాక వచ్చి, దీపం వెలిగించి, శాలువా కప్పించుకుని, చిన్నప్పుడు తనకూ పైలట్ కావాలని ఉండేదని చెప్పి వెళ్లిపోయారు. దానికి నాకేం పేచీ లేదు, మన దగ్గర ఏ ఫంక్షనైనా అంతే. అట్టముక్కల కాక్‌పిట్‌లో పిల్లల తలకాయలు పెట్టించి ఫొటోకు వేరే వంద తీసుకున్నారు, అదీ వదిలేస్తున్నా. "యంగ్ పైలట్" సర్టిఫికెట్ మీద మా పాప పేరు తప్పు పడింది, పడనీయండి. అడ్డాకుల దగ్గర విమానాశ్రయం అని ఏళ్ల తరబడి వింటూనే ఉన్నాం కదా, ఆ కాగితం ఎయిర్‌పోర్టుకు ఈ కాగితం పైలట్లు సరిగ్గా సరిపోతారు.

పీపీటీ గురించి మాత్రం ఒక ముక్క చెప్పాలి. రెక్క మీది నుంచి పోయే గాలి, కింది నుంచి పోయే గాలి వెనక అంచు దగ్గర ఒకేసారి కలుసుకోవాలట, అందుకని మీది గాలి ఉరుకుతుందట, విమానం లేస్తుందట. ఎందుకు కలుసుకోవాలి సార్, వాటికేమన్నా పెళ్లిచూపులున్నాయా? ఇది తప్పని నాసా వాళ్లు పిల్లల కోసం పెట్టిన పాఠాల్లోనే రాసి ఉంది. మీది గాలి నిజంగానే వేగంగా పోతుంది, కానీ కింది గాలి కోసం ఆగదు, దానికంటే ముందే వెళ్లిపోతుంది. రెక్క గాలిని కిందికి నెడుతుంది, గాలి రెక్కను మీదికి నెడుతుంది. బండి మీద వెనక కూర్చున్న పిల్ల అరచేతిని కొంచెం ఏటవాలుగా గాలికి పెడితే చెయ్యి దానంతటదే లేస్తుంది, దీనికి ప్రొజెక్టర్ కూడా అక్కర్లేదు.

సరే, ఇప్పుడు గ్లైడర్, అదే, చేత్తో విసిరితే ఎగిరే బొమ్మ విమానం. నా గొడవంతా దాని గురించే.

హాలు నిండా పిల్లలు, థర్మాకోల్ గ్లైడర్ ఒక్కటి. అది కూడా మీ సార్ చేతిలో. పిల్లలు కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చోవాలి, లేస్తే "సిట్ డౌన్". ఆయన విసిరారు. అది ముక్కు మీదికెత్తి, గాల్లో ఒక్క క్షణం ఆగి, తోక కిందికి చేసి దబ్బున పడింది. మళ్లీ ఇంకా గట్టిగా విసిరారు, ఇంకా నిట్టనిలువుగా లేచి ఇంకా గట్టిగా పడింది. మూడో వరుసలో ఒక పిల్ల లేచి, "సార్, మూతికాడ క్లిప్పు ఊడిపోయింది సార్, గందుకే మీదికి లేస్తుంది" అంది. కురుమూర్తి జాతరలో అలాంటిదే కొనుక్కుని ఆడిందట. ఎంత కరెక్టుగా చెప్పింది! ముక్కు దగ్గర బరువు లేకపోతే విమానం తూకం వెనక్కి పోతుంది, ముక్కు లేస్తుంది, వేగం చచ్చిపోతుంది, రెక్క మరీ నిలువుగా అయ్యేసరికి మీది గాలి దాన్ని వదిలేస్తుంది, పడుతుంది. పైలట్లు స్టాల్ అనేది దీన్నే. మీ రెండు గంటల పీపీటీలో లేని పాఠం ఆ పిల్ల ఒక్క మాటలో చెప్తే మీ సార్ ఏమన్నారు? "డిస్టర్బ్ చేయొద్దమ్మా."

మూడోసారికి రెక్క విరిగింది. ఫెవిక్విక్ పెట్టారు. థర్మాకోల్‌కు ఫెవిక్విక్ పెడితే కరుగుతుందని స్కూల్ ప్రాజెక్టులు చేసే ప్రతి పిల్లకూ తెలుసు. మా కళ్లముందే రెక్క మధ్యలో గుంత పడి, అంచులు ముడుచుకుపోయి, మీ సార్ వేలు దానికే అంటుకుంది. ఆ తర్వాత "టెక్నికల్ ప్రాబ్లం, వీడియో చూద్దాం" అన్నారు.

ఇంతవరకూ నవ్వుకున్నాం. బయటికొచ్చాక మీ కారు డిక్కీ చూశాను. సీల్ కూడా తీయని గ్లైడర్ కిట్లు, కట్టలు కట్టలు! పిల్లకొకటి ఇచ్చినా మిగిలేటన్ని. అడిగితే మీ కోఆర్డినేటర్ చెప్పిన మాట: "ఇస్తే విరగ్గొడతారు సార్, మనకింకా వనపర్తి, నాగర్‌కర్నూల్ ఉన్నాయి."

విరగ్గొడతారు. విరగ్గొట్టాలి. తమరి స్లయిడ్ మీద రైట్ సోదరులు, 1903 డిసెంబర్ 17, పన్నెండు సెకన్లు, 120 అడుగులు అని ఉందే, అంతకు మూడు రోజుల ముందు, 14న, వాళ్లలో అన్న విల్బర్ ముక్కు మరీ ఎక్కువ ఎత్తితే విమానం ఆగి ఇసుకలో పడి దెబ్బతింది. అచ్చం మీ సార్ విసిరినట్టే. బాగుచేసుకుని 17న ఎగిరారు, అదే రోజు కాసేపటికి గాలికి బోర్లాపడి మళ్లీ విరిగింది. అంతకంటే ముందు, 1878లో, వాళ్ల నాన్న ఒక బొమ్మ తెచ్చిచ్చాడు. బెండు, వెదురు, కాగితం, రబ్బరు బ్యాండుతో తిరిగే బొమ్మ. అది విరిగేదాకా ఆడి, విరిగాక తామే కొత్తవి చేసుకున్నారు. వాళ్ల నాన్న కూడా "ముట్టుకుంటే విరుగుతుంది" అని అల్మరాలో పెట్టి తాళమేస్తే నీ స్లయిడ్ మీద ఎవరి ఫొటో ఉండేదయ్యా?

మా పిల్లలకేం తక్కువ? సంక్రాంతికి పతంగికి దారం కట్టేటప్పుడు పైముడి ఎంత పొట్టిగా ఉండాలో, తోక ఎప్పుడు తగిలించాలో వాళ్లకు ఎవరూ పీపీటీ వేయలేదు. పది చింపి, పదకొండోది ఎగరేసి నేర్చుకున్నారు. స్టేడియం గ్రౌండులో తలా ఒక కిట్టు, మూతికి బరువు పెట్టుకోను ఒక డబ్బా యూ పిన్నులు ఇచ్చి నువ్వు పక్కన కూర్చుని మజ్జిగ తాగినా వాళ్లే నేర్చుకునేవాళ్లు.

నిన్న వాట్సాప్‌లో మెసేజ్ పెట్టావు, వచ్చే నెల "డ్రోన్ వర్క్‌షాప్", ఫీజు పదిహేను వందలు, ముందు రిజిస్టర్ చేసుకున్నవాళ్లకు టోపీ ఫ్రీ అని. టోపీ మొన్ననే పెట్టావు కదా. డ్రోన్ సంగతి తర్వాత చూద్దాంగానీ, ముందు ఆ డిక్కీ తెరువు.

ఇట్లు,
మీ గ్రూపులో "సూపర్ ప్రోగ్రాం సార్" అని ఇంకా పెట్టని పేరెంట్