అవతలివారి పెట్టెలోని నకలు

అమెరికా చరిత్రకారుడు రాబర్ట్ పాక్స్టన్ పరిశోధనా జీవితంపై మీ వ్యాసం ఫాసిజానికి ఆయన ఇచ్చిన నిర్వచనం దగ్గరే ఎక్కువసేపు ఆగి, ఆయన అక్కడికి ఏ దారిన చేరారన్నది రెండు వాక్యాల్లో ముగించడం, కావలిలో చాలా ఏళ్లు చరిత్ర పాఠం చెప్పిన నాకు వెలితిగా తోచింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీకి ఓడిన ఫ్రాన్స్‌ను ఏలిన విషీ ప్రభుత్వపు కాగితాలను ఫ్రాన్స్ పరిశోధకులకు అందనివ్వని రోజుల్లో, యుద్ధంలో చేజిక్కిన జర్మన్ దస్త్రాలను చదివి, నాజీలతో సహకారాన్ని విషీ పెద్దలే కోరి వెంటపడ్డారని 1972 నాటి గ్రంథంలో ఆయన చూపించారు. మా కందుకూరు వైపు పొలం తగాదాలు చూసినవారికి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. మా తాతగారి దస్తావేజును చెదలు తినేస్తే, అవతలివారి ట్రంకుపెట్టెలో మడతల దగ్గర చిరిగి, పసుపు మరకతో ఉన్న నకలే చివరికి గట్టు ఎక్కడుందో తేల్చింది.

నాజీ శిబిరాలకు యూదుల తరలింపు కేసులో విషీ కాలపు అధికారి మోరిస్ పాపోన్‌పై 1997లో బోర్డోలో విచారణ జరిగినప్పుడు పాక్స్టన్ సాక్ష్యమిచ్చారు. చరిత్రకారుడు బోనెక్కవచ్చా అన్న చర్చ ఫ్రాన్స్‌లో అప్పుడు గట్టిగానే నడిచింది, మీరు దాన్ని వదిలేశారు.

ఇక ట్రంప్‌ను ఫాసిస్టు అనవచ్చా అన్న విషయంలో పాక్స్టన్ మాట మార్చారన్న మీ విమర్శతో నేను ఏకీభవించను. ఫాసిస్టు అనే మాట ఊరికే వాడితే అరిగిపోతుందని ఏళ్ల తరబడి వెనకాడిన మనిషి, 2021 జనవరి 6న అమెరికా పార్లమెంటు ఉండే కాపిటల్ భవనంపై ట్రంప్ మద్దతుదారులు చేసిన దాడి చూశాకే ఆ అభ్యంతరాన్ని విరమించుకున్నారు. కొత్త ఆధారం ముందుకొచ్చాక పాత అభిప్రాయాన్నే పట్టుకు వేలాడి ఉంటే, మీరు అప్పుడే ఆయన్ని తప్పుపట్టవలసింది.