ఈథీరియల్ లోకంలో గుమ్మడి వడియాలు

ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా మారి కథ అల్లుకుంటూ ఆడే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో ఈథీరియల్ అని ఒక లోకముంది. అది ఏడు సముద్రాల అవతల ఉండదు, మామూలు లోకం మీదే దుప్పటిలా పరుచుకుని ఉంటుంది. మంత్రం వేసి అందులోకి దూరినవాడు ఇక్కడే తిరుగుతుంటాడు గానీ ఎవరికీ కనపడడు, గోడల్లోంచి దర్జాగా నడిచిపోతాడు. అతనికి మాత్రం మన లోకం 60 అడుగుల మేర బూడిద రంగులో కనిపిస్తుంది. పెళ్ళింట్లో దూరపు చుట్టం పరిస్థితి అన్నమాట. అందరూ కనిపిస్తారు, ఎవరూ పలకరించరు.

ఇది మా బుర్రకెక్కడం లేదని ఆట నడిపే మిత్రుడు చార్టు మీద కోట మ్యాపు గీసి, దానిపైన కింది గీతలు కనపడేలా ప్లాస్టిక్ షీటు పరిచాడు. చార్టు మన లోకం, షీటు ఈథీరియల్. శనివారం రాత్రి నా మాంత్రికుణ్ణి షీటు మీద ఎర్ర చుక్కగా గుర్తుపెట్టి పడుకున్నాం.

పొద్దున చూస్తే చార్టు ఉంది, ఈథీరియల్ లేదు.

"అమ్మా, ఇక్కడ ప్లాస్టిక్ షీటు చూశావా?"

"డాబా మీదుంది, వడియాలు పెట్టా. ఎవడో పిచ్చిగీతలు గీశాడురా, ఎంత తోమినా పోలేదు. గీతలు కిందికి తిప్పి పరిచా."

బూడిద గుమ్మడికాయ వడియాలు. రంగు మాత్రం లోకానికి తగ్గట్టే ఉంది. ఎండేదాకా షీటు కదపడానికి వీల్లేదు కాబట్టి చార్టునే పట్టుకెళ్ళి మెల్లగా దాని కిందికి తోశాం. అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది. షీటు తిరగబడింది కదా, కుడి ఎడమైంది. రాత్రి ఖజానా గదిలో ఉన్న నా చుక్క ఇప్పుడు కోటగోడ నడిమధ్యన ఉంది. మంత్రం పనిచేసేది 8 గంటలే, అదీ అయిపోయింది.

మంత్రం తీరేసరికి రాతిలో ఇరుక్కుంటే, దగ్గర్లో ఖాళీగా ఉన్న చోటికి విసిరేస్తుంది. ఎన్ని అడుగులు జరిగితే దానికి రెట్టింపు దెబ్బ. నాకు మిగిలిన ప్రాణం 18 పాయింట్లు. మ్యాపులో ఎడమవైపు ఖాళీ గడి 5 అడుగుల దూరం, దెబ్బ 10, బతికిపోతాను. కానీ ఆ గడి నిండా వడియం! కుడివైపుది 10 అడుగులు, దెబ్బ 20.

"వడియం ఉన్నది ఈథీరియల్ మీద. నేను దిగేది కింది లోకంలోకి. నాకెలా అడ్డమవుతుందిరా?"

"గడి కనపడట్లేదంటే ఖాళీగా లేనట్టే" అన్నాడు మిత్రుడు. ఆట నడిపేవాడితో వాదించి నెగ్గినవాణ్ణి నేనింకా చూడలేదు. పాపం, వాడే మళ్ళీ జాలిపడి అమ్మనడిగాడు.

"ఆంటీ, ఈ ఒక్క వడియం తీసెయ్యమంటారా?"

"ముట్టుకున్నావంటే చూడు!"

మాంత్రికుడు పడిపోయాడు. అమ్మ నా మొహం చూసి మెత్తబడింది.

"ఏడవకురా, ఎండాక ఆ వడియం నీకే వేయిస్తాలే."